కంట్లో నింపిన సిలికాన్ ఆయిల్ ఎండకూ పొయ్యి సెగకూ వేడెక్కుతుందా?

ప్రశ్న
హంద్రీ ఒడ్డు, కర్నూలు

మా నాయనకు 62 ఏళ్లు. కర్నూలులో ముప్పై ఏళ్లుగా ఉగ్గాని, బజ్జీల అంగడి నడుపుతున్నారు. రెండు నెలల కిందట ఎడమ కంటిలో రెటీనా (చూపునిచ్చే వెనుక పొర) ఊడిపోవడంతో విట్రెక్టమీ ఆపరేషన్ చేసి, కంటి లోపలి జిగురు పదార్థాన్ని తీసివేసి, రెటీనాను దాని చోట అదిమి ఉంచడానికి సిలికాన్ ఆయిల్ నింపారు. చూపు మెల్లగా తేరుకుంటున్నది కనుక ఆ విషయంలో మాకు దిగులు లేదు. దిగులంతా ఆ ఆయిల్ గురించే.

జీవితమంతా బాణలి ముందు నిలబడిన మనిషికి నూనె ఎట్లా కాగుతుందో, కాగిన నూనె ఏం చేస్తుందో ఒకరు చెప్పవలసిన పని లేదు. ‘కంట్లో ఆయిల్ వేశాం’ అన్న మాట విన్నప్పటి నుంచి ఆయనకు ఒకటే భయం పట్టుకున్నది. బయట మే నెల ఎండ 43, 44 డిగ్రీలు ఉండి, దానికి తోడు పొయ్యి సెగ ముఖానికి కొడుతున్నప్పుడు, కంట్లోని ఆయిల్ కూడా వేడెక్కి లోపలి పొరను కాల్చదా అని అడుగుతున్నారు. ఆసుపత్రి నుంచి పంపించే రోజున ‘వేడికి దూరంగా ఉండండి’ అని ఒక్క మాట అన్నారు; అది ఎండ వేడా, పొయ్యి వేడా, ఒంటికి చేసే వేడా అని నేను అడిగేలోపల తరువాతి వారిని లోపలికి పిలిచారు. ఇప్పుడు మా నాయన అంగడికి పోవడం మానుకొని, తడి గుడ్డ కంటి మీద వేసుకొని పగలంతా పడుకుంటున్నారు.

నేను ఒక పని చేశాను. కరోనా కాలంలో అంగడి ముందర వాడిన, నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఇంట్లోనే ఉన్నది. వారం రోజుల పాటు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెప్పలు మూయించి రెండు కళ్లనూ దానితో కొలిచాను. ఆయిల్ ఉన్న కన్నే వేడిగా ఉంటుందనుకున్నాను. కానీ చాలాసార్లు ఆ కన్నే 0.3 నుంచి 0.5 డిగ్రీ తక్కువ చూపించింది. ఆయిల్ వల్ల కన్ను వేడెక్కవలసింది పోయి చల్లబడుతుందా? లేక నేను కొలిచిన పద్ధతే తప్పా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


సమాధానం
పెన్న గట్టు, అనంతపురం

నేను డాక్టరును కాదు; డిగ్రీ కళాశాలలో ఫిజిక్సు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. కనుక వైద్యం జోలికి పోకుండా, కంటిలో వేడి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో మాత్రమే చెబుతాను. అది తెలిస్తే మీ నాయన గారి భయంలో సగానికి పైగా తీరుతుందని నా నమ్మకం.

కంటికి పొయ్యి వెనుక భాగంలో ఉన్నది. రెటీనాకు వెనుక కొరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. దాని బరువుతో పోల్చి చూస్తే శరీరంలో చాలా భాగాల్లో లేనంత రక్తం అందులో పారుతుంది. ఆ రక్తం 37 డిగ్రీల దగ్గర ఉంటుంది గనుక రెటీనా కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ముందు వైపున ఉన్న కార్నియా అనే పారదర్శక పొరకు రక్తనాళాలు లేవు. పైగా అది గాలికి తెరుచుకొని, కన్నీటి తడితో ఉంటుంది. అందుచేత మామూలు గది వాతావరణంలో కార్నియా పైభాగం 34, 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే మామూలు రోజుల్లో కంటిలో వేడి వెనుక నుంచి ముందుకు నడుస్తుంది.

ఈ దారి మధ్యలో ఉన్నదే ఆ జిగురు పదార్థం. అందులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే కనుక, వేడిని మోయడంలో అది నీటిలాగానే ప్రవర్తిస్తుంది. నీటి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.6 వాట్లు. సిలికాన్ ఆయిల్‌ది సుమారు 0.15. గాలిది 0.026. కాబట్టి నీటి స్థానంలో ఆయిల్ పోసినప్పుడు, వెనుక నుంచి ముందుకు వచ్చే వేడికి దారి నాలుగో వంతు అవుతుంది. గాలి నింపితే ఇరవయ్యో వంతు కంటే తక్కువ. ఆయిల్ చిక్కగా ఉండడం వల్ల లోపల నీటిలాగా సుళ్లు తిరిగి వేడిని చేరవేయడం కూడా తక్కువే. ఇంకా వివరంగా చెప్పాలంటే, మీ నాయన గారి కంట్లో వేసినది కాగే నూనె కాదు. వేడిని అడ్డుకునే ఒక దుప్పటి. దుప్పటికి అవతల ఉన్న రెటీనా రక్తపు వేడికే కట్టుబడి ఉంటుంది, ఇవతల ఉన్న ముందు భాగానికి మాత్రం వెనుక నుంచి వచ్చే వేడి కొంచెం తగ్గుతుంది. కనుక మీ థర్మామీటరు తక్కువ చూపించడం సిద్ధాంతానికి విరుద్ధం కాదు.

ఇక 44 డిగ్రీల ఎండ సంగతి. అప్పుడు బయటి గాలి ఒంటి కంటే వేడిగా ఉంటుంది గనుక వేడి నడక తలకిందులు కావాలి కదా అని మీరు అడగవచ్చు. అయితే మన సీమ ఎండ పొడి ఎండ. వరండాలో పెట్టిన మట్టికుండలో నీళ్లు ఆ ఎండలోనే చల్లబడతాయి. కుండ ఒంటికి ఊరిన తడి ఆవిరి అయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. కన్నీటి పొర చేసేది అదే పని. రెప్ప వేసిన ప్రతిసారీ కుండకు కొత్త తడి అద్దినట్టు అవుతుంది. అందువల్ల మిట్టమధ్యాహ్నం కూడా కార్నియా గాలి వేడిని అందుకోదు. ఒకవేళ ముందు భాగం ఒక డిగ్రీ పెరిగిందే అనుకున్నా, ఆ వేడి లోపలికి పోవలసిన దారిలో అదే దుప్పటి అడ్డం ఉన్నది. దానిని దాటి వెనక్కు చేరిన కొద్దిపాటి వేడిని కొరాయిడ్‌లో పారే రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది.

మీ నాయన గారి వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. నూనె నీటి కంటే తొందరగా వేడెక్కుతుందని ఆయన బాణలి దగ్గర గమనించి ఉంటారు, అది నిజమే. ఒకే పరిమాణం గల సిలికాన్ ఆయిల్‌ను ఒక డిగ్రీ వేడి చేయడానికి నీటికి కావలసిన వేడిలో దాదాపు మూడో వంతు చాలు. కానీ బాణలి కింద మంట ఉన్నది, కంటి కింద మంట లేదు. పైగా ఈ ఆయిల్ 100 డిగ్రీలు దాటినా స్వభావం మారని పదార్థం. శరీరంలో ఏ జ్వరమూ దానిని కాగబెట్టే స్థాయికి పోదు.


సమాధానం
బుగ్గవంక, కడప

నేను ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా చాలా ఏళ్లు రెటీనా ఆపరేషన్లలో పనిచేశాను. పెన్న గట్టు సార్ చెప్పిన సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. ఆ థర్మామీటరుతోనే పేచీ.

ఆ పరికరం తాను చూస్తున్న వస్తువు పైభాగం నుంచి వచ్చే పరారుణ కిరణాలను మాత్రమే కొలుస్తుంది. ఆ కిరణాలకు నీరు ఒక గోడ. కనుక కన్ను తెరిచి కొలిచినా అది కన్నీటి పొర వేడినే చెప్పగలదు, లోపలి ఆయిల్‌ను చూడలేదు. మీరు రెప్ప మూయించి కొలిచారు కాబట్టి మీకు వచ్చినది రెప్ప చర్మం వేడి. తడి గుడ్డ తీసిన వెంటనే కొలిస్తే ఆ చల్లదనమే వస్తుంది. చుక్కల మందు వేసిన పది నిమిషాలలోపల కొలిస్తే, చెంప మీదికి జారిన మందు ఆవిరి అవుతూ రెప్పను చల్లబరుస్తుంది. చాలా పరికరాలకు 0.2 లేదా 0.3 డిగ్రీ తేడా వాటి సహజమైన తప్పే. మీకు వచ్చిన 0.3 నుంచి 0.5లో ఆయిల్ వాటా ఎంతో ఆ పరికరం చెప్పలేదు. దీనికి ఎదురు పనిచేసే సంగతి ఇంకొకటి ఉన్నది. ఆపరేషన్ తరువాత కంట్లో వాపు, ఎరుపు ఉన్నన్ని రోజులు ఆ భాగానికి రక్తం ఎక్కువగా వస్తుంది గనుక పైభాగం కొంచెం వేడిగానే ఉంటుంది. మీరు మొదటి వారంలో కొలిచి ఉంటే లెక్క తారుమారు అయి, ఆయిలే వేడి చేసిందని మీ నాయన గారు గట్టిగా నమ్మి ఉండేవారు.

కంటి లోపలి వేడి నిజంగా మారే సమయం ఒకటి ఉన్నది, అది ఆపరేషన్ బల్ల మీద. చాలామంది రోగులు ‘లేజరుతో కాలుస్తారట, కన్ను వేడెక్కుతుందా’ అని అడుగుతారు గాని, అక్కడ జరిగేది చాలావరకు తలకిందులు. విట్రెక్టమీ చేస్తున్నంతసేపూ, తీసివేసిన జిగురు స్థానంలో సెలైన్ వంటి ద్రావణం సన్నని గొట్టం గుండా లోపలికి పారుతూనే ఉంటుంది. ఏసీ గదిలో వేలాడదీసిన ఆ సీసా గది వేడిలోనే, అంటే 20 డిగ్రీలు దాటీ దాటకుండా ఉంటుంది. అది ఆగకుండా కంట్లో పారుతుంటే లోపలి వేడి ఒంటి వేడి కంటే చాలా డిగ్రీలు కిందికి దిగుతుంది. కొంత చల్లబడితే కణజాలానికి ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది కనుక దీనిని హానిగా చూడరు. పారుదల ఆపిన నిమిషాల్లోనే కొరాయిడ్ రక్తం కన్నును మళ్లీ వెచ్చబరుస్తుంది.

తరువాత ద్రావణాన్ని తీసి గాలి నింపే ఘట్టం వస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్త కావలసినది అక్కడే, కానీ అందులో వేడి కంటే తడి ఆరిపోవడం పెద్ద సమస్య. యంత్రం నుంచి వచ్చే గాలి పొడిగా ఉంటుంది. అది నేరుగా రెటీనా మీద ఒకేచోట బలంగా తగిలితే, ఆవిరి కావడం వల్ల పైపొర చల్లబడడంతో పాటు ఎండిపోయే ప్రమాదం ఉన్నది. మాక్యులాలో, అంటే రెటీనా నడిమి భాగంలో, పడిన రంధ్రానికి చేసే ఆపరేషన్ల తరువాత కొందరికి పక్క చూపులో ఒక భాగం పోవడానికి ఇది ఒక కారణమని గుర్తించారు. అందుకే గాలి ఒత్తిడిని అవసరం కంటే ఎక్కువ పెట్టరు. లేజరు విషయానికి వస్తే, దాని వేడి రెటీనా వెనుక నల్లని రంగు పొరలో, సూది మొన అంత చోట, సెకనులో కొద్ది భాగం మాత్రమే పుడుతుంది. మధ్యలో ద్రావణం ఉన్నదా, గాలి ఉన్నదా, ఆయిల్ ఉన్నదా అన్నదాన్ని బట్టి ఆ వేడి చెదిరిపోయే తీరు మారుతుంది. సర్జన్లు తక్కువ శక్తితో మొదలుపెట్టి, పడిన మచ్చ రంగు చూసుకుంటూ పెంచడం వెనుక ఈ సంగతి కూడా ఉన్నది.

ఆయిల్ పెట్టిన తరువాత మాత్రం ఇవేవీ లేవు. 1000 సెంటీస్టోకుల (ఇది చిక్కదనానికి కొలత) ఆయిల్ గది వేడి నుంచి ఒంటి వేడికి వచ్చేసరికి చిక్కదనంలో సుమారు ఐదో వంతు తగ్గుతుంది, ఆ తరువాత కంట్లో ఉన్నన్ని నెలలూ అదే వేడిలో ఉంటుంది. ఆయిల్ చిన్న చిన్న బొట్లుగా విరిగిపోవడం అనే సమస్య ఉన్న మాట నిజమే గాని, అది ఎండ వల్ల వచ్చేది కాదు. కన్ను ఎడతెగకుండా కదలడం, లోపలి ప్రోటీన్లు సబ్బులాగా పనిచేయడం, ఆయిల్ పలుచగా ఉండడం దానికి కారణాలు. 5000 సెంటీస్టోకుల ఆయిల్ అంత తొందరగా విరగదు.


ప్రశ్న అడిగినవారి మాట
హంద్రీ ఒడ్డు, కర్నూలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇక్కడ రాసినదంతా మా నాయనకు చదివి వినిపించాను. కుండ ఉదాహరణ ఆయనకు బాగా నచ్చింది. అయినా ఒక సందేహం వదలలేదు. నూనె కాగితే పొంగుతుంది కదా, కంట్లో జాగా లేదు కదా, పొంగిన ఆయిల్ ఎక్కడికి పోతుందని అడుగుతున్నారు. మరొక సంగతి. కన్ను నయమైతే తిరుమలకు వస్తానని ఆయన మొక్కుకున్నారు. ఆయిల్ ఉండగా కొండ ఎక్కకూడదని పక్కింటివారు చెబుతున్నారు, ఇది కూడా వేడికి సంబంధించినదేనా?


సమాధానం
చిత్రావతి, అనంతపురం జిల్లా

పక్కింటివారు విన్న మాట నిజమే గాని, అది నాలాంటివారికి వర్తించేది. నాకు పోయిన ఏడాది రెటీనా ఆపరేషన్‌లో ఆయిల్ కాకుండా గ్యాస్ నింపారు. బెంగళూరులో చేయించుకొని ఇంటికి వచ్చాను. గ్యాస్ పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదని, డాక్టరుకు చెప్పకుండా కొండ ప్రాంతాలకు పోకూడదని, వేరే ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వవలసి వస్తే కంట్లో గ్యాస్ ఉన్నదని ముందే చెప్పాలని చేతికి ఒక పట్టీ కట్టి పంపించారు. రెండు వారాలకు మళ్లీ చూపించుకోవడానికి పోవలసి వచ్చినప్పుడు, బెంగళూరు మన కంటే ఎత్తున ఉన్నది కదా అని ఫోనులో అడిగితే, కంట్లో ఇంకా ఎంత గ్యాస్ మిగిలి ఉంటుందో లెక్క వేసి, కారులో ఆగుతూ రమ్మన్నారు. ఏ ఇబ్బందీ రాలేదు. వేడి గురించి మాత్రం నన్ను ఎవరూ భయపెట్టలేదు. గ్యాస్ వేడికి వ్యాకోచిస్తుందని బడిలో చదువుకున్నాం గనుక నేనే ఆ ఎండాకాలం గది దాటి బయటికి రాలేదు. అది అవసరమా కాదా అన్నది సార్ చెప్పాలి.


సమాధానం
పెన్న గట్టు, అనంతపురం

మంచి ప్రశ్నలు వచ్చాయి. కాగితం తీసుకొని లెక్క వేశాను.

ముందు ఆయిల్. కంట్లో పట్టేది 4 నుంచి 5 మిల్లీలీటర్లు. సిలికాన్ ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కితే దాని పరిమాణంలో దాదాపు వెయ్యో వంతు పెరుగుతుంది, అంటే 4 లేదా 5 మైక్రోలీటర్లు. కన్ను తనంతట తాను నిమిషానికి రెండున్నర మైక్రోలీటర్ల వరకు నీటిని ఊరించి, అంతే నీటిని బయటికి పంపుతూ ఉంటుంది. కనుక ఆయిల్ మొత్తం ఒక డిగ్రీ వేడెక్కినా, ఆ పొంగు రెండు నిమిషాల ఊటతో సమానం. మంచి జ్వరం వచ్చి రెండు డిగ్రీలు పెరిగినా నాలుగు నిమిషాల ఊట. నీరు బయటికి పోయే దారి మూసుకుపోకుండా ఉంటే, కన్ను దానిని పట్టించుకోదు.

తరువాత గ్యాస్. కంట్లో 2 మిల్లీలీటర్ల గ్యాస్ ఉన్నదనుకుందాం. ఒక డిగ్రీకి అది మూడు వందో వంతు పెరుగుతుంది, అంటే ఆరేడు మైక్రోలీటర్లు. ఇది కూడా మూడు నిమిషాల ఊటే. ఎండకు కంటి లోపల ఒక డిగ్రీ పెరగడమే కష్టమని ముందే చెప్పాను. కనుక చిత్రావతి గారు గదిలో కూర్చొని ఎండ దెబ్బ నుంచి తప్పించుకొని ఉంటారు గాని, గ్యాస్ నుంచి కాదు.

ఎత్తు లెక్క వేరు. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్లు, బెంగళూరు సుమారు 920 మీటర్లు. ఆ తేడాకు గాలి పీడనం దాదాపు 7 శాతం పడిపోతుంది. అప్పుడు అదే 2 మిల్లీలీటర్ల గ్యాస్ 140 మైక్రోలీటర్ల దాకా పెరగాలని చూస్తుంది, అంటే గంటసేపటి ఊట. నాలుగు గంటల ప్రయాణంలో కన్ను దానిని సర్దుకోగలదు. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో గంటలోపే ఏడు వందల మీటర్ల వరకు ఎక్కుతాం గనుక అదే సర్దుబాటుకు వ్యవధి తక్కువ. ఓర్వకల్లులో విమానం ఎక్కితే, కాబిన్‌లో పీడనం 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నంతకు కొద్ది నిమిషాల్లోనే పడిపోవచ్చు. ఇంత వేగానికి కన్ను తట్టుకోలేదు, లోపలి ఒత్తిడి పెరిగి రెటీనాకు రక్తం ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

ఆయిల్ ద్రవం. పీడనం తగ్గితే ద్రవం లెక్కలోకి వచ్చేంతగా పెరగదు. మీ నాయన గారి కంట్లో గ్యాస్ లేకుండా ఆయిల్ మాత్రమే ఉన్నదని డిశ్చార్జి కాగితంలో చూసుకొని, డాక్టరును ఒక మాట అడిగి మొక్కు తీర్చుకోవచ్చు. మెట్లదారిలోనా, బస్సులోనా అన్నది మోకాళ్లకు సంబంధించిన సమస్య.


సమాధానం
బుగ్గవంక, కడప

సార్ లెక్కలో ‘దారి మూసుకుపోకుండా ఉంటే’ అన్న మాటను మీరు గట్టిగా పట్టుకోవాలి. ఆయిల్ ఉన్న కళ్లలో కొందరికి ఆ దారి మెల్లగా మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కన్ను బరువుగా, నొప్పిగా, ఎర్రగా ఉండి, చూపు మసకబారుతుంది, తలనొప్పి, వాంతులు కూడా రావచ్చు. మన ఇళ్లలో దీనికి ‘వేడి చేసింది’ అని పేరు పెట్టి, తలకు ఆముదం అంటి, మజ్జిగ తాగించి రెండు రోజులు చూస్తారు. ఆ రెండు రోజులే నష్టం. ఒంటికి చేసే వేడి అని మనం చెప్పుకునేది థర్మామీటరులో కనబడే వేడి కాదు. ఆపరేషన్ అయిన కంటిలో ఆ మాట వెనుక దాగినది ఒత్తిడో, ఇన్‌ఫెక్షనో, కేవలం కన్ను పొడిబారడమో డాక్టరు చూసి తేల్చవలసినదే. నొప్పి గాని, చూపు తగ్గడం గాని ఉంటే అదే రోజు పోవాలి.

పొయ్యి సంగతి. ఆయిల్ కోసం కాదు గాని, కంటి పైభాగం కోసం కొంత జాగ్రత్త ఉండవలసినదే. సెగకూ పొగకూ కన్నీరు తొందరగా ఆరి మంట పుడుతుంది, నూనె చిట్లితే ఆపరేషన్ అయిన కంటికి అది చాలు. ఏళ్ల తరబడి కొలిమి వెలుగు ముందు పనిచేసే గాజు కార్మికులకు కంటి లెన్సు తెల్లబడడం పాత కాలం నుంచి తెలిసిన సంగతే. బజ్జీల పొయ్యి అంత తీవ్రమైనది కాదు గాని, మీ నాయన గారికి సొంత లెన్సే ఉంటే, ఆయిల్ వల్ల అది తెల్లబడడం ఎటూ తొందరపడుతుంది. డాక్టరు పనికి అనుమతించిన తరువాత సాదా అద్దాల కళ్లజోడు పెట్టుకొని, బాణలి ముందు వేరొకరిని నిలబెట్టి, ఆయన ఉగ్గాని కలిపే వైపు ఉంటే సరిపోతుంది.

తడి గుడ్డ మానిపించండి. దాని చల్లదనం వల్ల లోపలి ఆయిల్‌కు ఒరిగేదేమీ లేదు, కానీ గుడ్డలోని మురికి నీరు కంట్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోవడం గురించి కూడా అడగండి. ఆయిల్ నీటి కంటే తేలిక కనుక పైకి తేలుతుంది. ఏ వైపు పడుకోవాలో రెటీనాలో చిరుగు ఎక్కడ ఉన్నదో దాన్ని బట్టి చెబుతారు. పగలంతా వెల్లకిలా పడుకుంటే, ఆయిల్ రెటీనాను వదిలి లెన్సు వైపు చేరుతుంది.

ఈ ఎండలకు నిజంగా వేడెక్కేది ఆయన జేబులో పెట్టుకున్న చుక్కల మందు సీసా. దాని మీద ఎన్ని డిగ్రీలలోపు ఉంచాలో రాసి ఉంటుంది, చాలావాటికి 25 లేదా 30. అంగడి గల్లాపెట్టె పక్కన 40 డిగ్రీలలో ఉంచిన మందు బలం తగ్గవచ్చు. ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి, పై గడ్డకట్టే అరలో మాత్రం పెట్టవద్దు.